గొలుసు కట్టే ముందు పార పట్టండి

(సిద్దిపేట గ్రామీణ విలేకరి)

నాట్ల కాలం వచ్చిందంటే మా పల్లెల్లో రెండు రకాల ఫోన్లు మోగుతాయి. ఒకటి నాటు కూలీల కోసం. రెండవది, "అన్నా, బండి దిగవడ్డది, జెర నీ ట్రాక్టరు పట్టుకొని రా" అన్నది. మొదటి ఫోనుకు బదులు పలికేవారు కరువు. రెండవ ఫోనుకు మాత్రం పిలవనివారు కూడా వస్తారు. ఒకరు గొలుసు తెస్తారు, ఒకరు మోకు తెస్తారు, ఏమీ తేనివారు సలహాలు తెస్తారు. గట్టు మీద ఇరవై మంది చేరుతారు. పొలం నడుమ ఇరుసు దాకా మునిగిన ట్రాక్టరు పొగలు కక్కుతూ ఉంటుంది. బండి బయటపడితే ఆ సాయంత్రం బండి గలాయన ఖర్చుతో దావతు.

ఇందులో మంచి లేదని నేను అనను. ఎడ్లబండి దిగబడితే దారిన పోయేవారు ఆగి గీరకు భుజం పెట్టిన కాలం మన పెద్దలది. ఒకరి కష్టానికి ఇంకొకరు తన పని వదిలి వచ్చే అలవాటు అన్ని చోట్లా తగ్గిపోతున్న ఈ రోజుల్లో బురద ఒక్కటే ఇంకా పదిమందిని కలుపుతున్నది. అయితే ఆ సాయం చేసే తీరు మాత్రం మారాలి. భుజం పెట్టి ఎడ్లబండిని లేపిన ధైర్యంతోనే రెండు టన్నుల ట్రాక్టరును లాగబోతున్నాము. ఈ మాట నేను గట్టు మీద నిలబడి చూసి రాస్తున్నది కాదు. గొలుసు కట్టిన చేయి నాదే కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు జరిగినది

2020 వానాకాలం. మా ఊరి చెరువు కింద ఒక రైతు పొలంలో దమ్ము చేస్తున్న ట్రాక్టరు దిగబడింది. మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడి వరుస, తన ట్రాక్టరు తీసుకొని వచ్చాడు. నేనూ పోయాను. పొలంలోని బండికి గొలుసు ఒక కొన కట్టి, రెండవ కొన తమ్ముడి ట్రాక్టరుకు కట్టబోతే ట్రాలీ తగిలించే హుక్కుకు పిన్ను లేదు. ఇంటికి పోయి తెస్తే అరగంట. మబ్బు పట్టి ఉన్నది. చుట్టూ ఉన్నవారు "కానియ్యిరి, కానియ్యిరి" అంటున్నారు. హుక్కు కన్న మూరెడు పైన, టాప్ లింకు తగిలించే చోట గొలుసు చుట్టి బిగించాను. "పోనియ్యి" అన్నాను.

తమ్ముడు మొదటిసారి లాగితే బండి కదలలేదు. రెండవసారి ఆక్సిలేటరు పెంచి క్లచ్చి ఒక్కసారిగా వదిలాడు. ముందు చక్రాలు గాలిలోకి లేచినవి. గట్టు మీది పిలగాండ్లు అదేదో ఆట అనుకొని ఈలలు వేశారు. ఆ ఈల ఆగకముందే ట్రాక్టరు వెనక్కి తిరగబడింది. తమ్ముడు పక్కకు దూకాడు గాని ఎడమ కాలు మడ్గార్డు కింద పడింది. కింద మెత్తటి బురద ఉండడం వల్ల కాలు లోపలికి దిగబడిందే తప్ప నుజ్జు కాలేదు. ఏ బురద మీద కోపంతో లాగామో ఆ బురదే మనిషిని కాపాడింది. తొడ ఎముక విరిగి ఆరు నెలలు మంచాన ఉన్నాడు. అప్పు కింద ట్రాక్టరు అమ్మారు. నేటికీ కొద్దిగా కుంటుతూనే నడుస్తాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

నీళ్ళు వచ్చిన నేల

మా ప్రాంతంలో బండ్లు దిగబడడం ఇటీవల ఎక్కువైందంటే అందుకు కారణం ఉన్నది. 2016 అక్టోబరు 11న జిల్లా అయిన సిద్దిపేటకు తనదంటూ పెద్ద నది లేదు. ఎక్కువగా చెరువులు, బోర్ల మీద బతికిన మెట్ట ప్రాంతం. మక్క, పత్తి వేసే చెలకలు ఎక్కువ. గోదావరి నీళ్ళు ఎత్తిపోతల ద్వారా వచ్చిన తర్వాత పరిస్థితి మారింది. చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయక సాగర్ 2020 ఏప్రిల్‌లో, మర్కూక్ దగ్గర 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ అదే ఏడు మే నెలలో, తొగుట మండలంలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనవి. చెరువులు నిండినవి. నిన్న మక్క వేసిన చెలక నేడు వరి మడి అయింది.

ఇక్కడే చిక్కు ఉన్నది. తరతరాలుగా వరి పండే మడిలో ఏటేటా దమ్ము చేయడం వల్ల జానెడు లోతున నేల అణిగి ఒక గట్టి పొర ఏర్పడుతుంది. పైన ఎంత బురద ఉన్నా చక్రం ఆ పొర మీద నిలబడుతుంది. కొత్తగా మడి అయిన చెలకలో ఆ పొర ఇంకా కట్టుకొని ఉండదు. లోతుగా దున్నిన చోట, చెరువు మట్టి మందంగా పోసిన చోట, కాలువ పక్కన జాలు పట్టిన చోట చక్రం కింద ఆధారం ఉండదు. పైకి చూస్తే అన్ని మళ్ళూ ఒక్కలాగే మెరుస్తుంటాయి. ఏది మోస్తుందో, ఏది మింగుతుందో ఆ రైతుకు తప్ప బయటి నుండి వచ్చిన డ్రైవరుకు తెలియదు. అడిగే తీరిక డ్రైవరుకు లేదు, చెప్పే తీరిక రైతుకు లేదు.

కేజీవీల్స్ అని మనం పిలిచే ఇనుప చక్రాలు బిగిస్తే బరువు ఎక్కువ చోట పడి బండి మునగడం తగ్గుతుంది. కాని వాటితో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు చెడుతుంది. రోడ్డుపై వాటితో నడపవద్దని పోలీసులు హెచ్చరిస్తున్నారు. అది సరైన మాటే. పొలం గట్టు దాకా ట్రాలీలో తెచ్చి అక్కడ బిగించాలి. ఆ కాసేపటి పనికి బద్ధకించి ఉత్త టైర్లతో దిగినవారే ఎక్కువగా చిక్కుకుంటున్నారు.

ఇక కోతల కాలం సంగతి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు హుస్నాబాద్ వైపు వడ్లు తడిసి రైతులు పడిన గోస అందరికీ తెలిసిందే. అటువంటి వానల తర్వాత కోయవలసిన పొలంలోకి టైరు మిషన్ పోదు, చైన్ మిషన్ కావాలి. కోసిన వడ్లు రోడ్డుకు చేర్చడానికి ట్రాక్టరు ట్రాలీ పొలంలోకి పోక తప్పదు. దిగబడేది నిండు లోడుతోనే.

ఇరుసు చుట్టూ బండి

ట్రాక్టరు వెనక్కి ఎందుకు తిరగబడుతుంది? పెద్ద చదువు లేకున్నా అర్థమయ్యే సంగతి ఇది. ఇంజను బలమంతా వెనుక ఇరుసుకు పోతుంది. ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే బండి ముందుకు పోతుంది. చక్రం బురదలో బిగుసుకుపోయి తిరగలేకపోతే ఆ బలం ఊరికే పోదు. చక్రం నిలబడి, దాని చుట్టూ బండే తిరగజూస్తుంది. ముందు భాగం లేస్తుంది. ట్రాక్టరు ముందు భాగం తేలిక, వెనుక భాగం బరువు కాబట్టి ఆ లేవడం సులువు.

గొలుసు ఇరుసు కన్న ఎత్తులో కట్టితే ఆ లేవడానికి మనమే తోడు పట్టినట్లు. నేను చేసినది అదే. ట్రాలీ హుక్కును కంపెనీవారు కిందికి పెట్టినది అందం కోసం కాదు. అక్కడి నుండి లాగితే ముందు చక్రాలు నేలను పట్టుకొని ఉంటాయి.

ముందు చక్రాలు లేచిన తర్వాత ముప్పావు సెకనులో ఇక ఆపలేని స్థితి వస్తుందనీ, సెకనున్నరలో బండి బోర్లా పడుతుందనీ ఈ విషయం తెలిసిన నిపుణులు చెబుతారు. కన్ను మూసి తెరిచేలోగా క్లచ్చి తొక్కే డ్రైవరు ఎవరున్నారు? "నాకు ఇరవై ఏండ్ల సర్వీసు" అనేవారికి నా మనవి ఒక్కటే. ముప్పావు సెకనుకు సర్వీసుతో పని లేదు.

ఇంకొక అలవాటు ఇంతకన్న చెడ్డది. వెనుక చక్రాలకు అడ్డంగా దుంగ పెట్టి గొలుసుతో కట్టి బండిని ముందుకు నడుపుతారు. చక్రం దుంగ మీదికి ఎక్కి బయటపడితే "చూసినవా మన తెలివి" అంటారు. దుంగ అడ్డం పడి చక్రం ఆగిపోతే తిరగబడేది బండి. ఎన్నోసార్లు బయటపడినందున అది మంచి పద్ధతి అయిపోదు.

తాళ్ళ సంగతి కూడా చెప్పాలి. పాత నైలాన్ మోకు సాగి సాగి తెగినప్పుడు దాని కొన కొరడాలాగ వస్తుంది. కొనకు ఇనుప కొక్కెం ఉంటే అది బండరాయి విసిరినట్లే. అరిగిన గొలుసు లింకు ఊడినా అంతే. అయినా సెల్‌ఫోనులో వీడియో తీసే పిలగాండ్లు ఆ మోకుకు సూటిగా నిలబడుతారు. బొమ్మ బాగా వస్తుందట. కరెంటు స్తంభానికి గొలుసు కట్టి లాగబోయిన వారిని కూడా నేను చూశాను. స్తంభం వంగితే మీద పడేది తీగ అని ఎవరో ముసలాయన అరిచి ఆపారు. ఆయనకు చదువు రాదు.

సరదాకు ఉన్న జాగ్రత్త బువ్వకు లేదా?

బురదలో కావాలని బండి దింపేవారు ప్రపంచంలో ఉన్నారంటే మా ఊరి పెద్దలు నవ్వుతారు. కాని ఉన్నారు. అది ఒక ఆట. మలేషియాలో 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ అనే జీపుల పోటీ 2014లో మన దేశానికి కూడా, గోవాకు, వచ్చింది. వాగులు, బురద గుంటలు, జారే గట్లు వెదికి మరీ దిగుతారు. హైదరాబాదులోనూ ఇటువంటి జీపు క్లబ్బులు ఉన్నవి. సెలవు రోజున దోస్తులంతా కలిసి పోతారు, దిగబడుతారు, ఒకరినొకరు లాగుకుంటారు, బట్టలంతా బురద చేసుకొని ఇల్లు చేరుతారు.

డబ్బున్నవారి పిచ్చి అని మనం కొట్టిపారేయవచ్చు. కాని వారి పద్ధతి చూడండి. ఆ జీపుకు లాగడానికే గట్టి కొక్కేలు ముందూ వెనకా బిగించి ఉంటాయి. చెట్టుకు కట్టడానికి బెరడు తెగని వెడల్పు పట్టీ ఉంటుంది. తీగ చుట్టుకొని బండిని తనకు తానే లాగుకునే వించ్ అనే యంత్రం ఉంటుంది. లాగే తీగ మీద బరువైన గుడ్డ వేస్తారు, తెగినా ఎగరకుండా. చేతి సైగలు చేసేది ఒక్కరే. మిగతావారు దూరం నిలబడుతారు. డ్రైవరు బెల్టు పెట్టుకొని కూర్చుంటాడు. బండి బోర్లా పడినా నెత్తి మీద ఇనుప చట్రం ఉంటుంది.

సరదాకు బురదలో దిగేవారికి ఇన్ని జాగ్రత్తలు. బువ్వ కోసం దిగేవారికి పిన్ను లేని హుక్కు, అరిగిన గొలుసు, గట్టు మీద ఈలలు. ఇదేమి న్యాయం?

ట్రాక్టరుకు కూడా అటువంటి ఇనుప చట్రం ఉండాలని స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు నిబంధన పెట్టింది. తరువాతి ఏండ్లలో అక్కడ ట్రాక్టరు తిరగబడి చనిపోవడం దాదాపు లేకుండా పోయింది. మన ఊళ్ళలో తిరిగే ట్రాక్టర్లు ఎన్నింటికి ఆ చట్రం ఉన్నదో పాఠకులే చూడవచ్చు. ఎండకు వేసిన రేకు టాపు చట్రం కాదు. అది బండి బరువును ఆపదు.

మరొక వైపు, ముందు చక్రాలు లేపి నడపడమే గొప్ప అని చూపే వీడియోలు పల్లె పిలగాండ్ల ఫోన్లలో తిరుగుతున్నవి. పంజాబులో 2023 అక్టోబరులో ఇటువంటి విన్యాసం చేస్తూ ఒక యువకుడు తన ట్రాక్టరు కిందనే పడి చనిపోతే, అక్కడి ప్రభుత్వం ట్రాక్టరు విన్యాసాలను నిషేధించింది. మన దగ్గర ఆ చావు వచ్చేదాకా ఆగవలసిన అవసరం లేదు.

ఎవరికి నష్టం

"నారు ముదురుతున్నది, కూలీలు వచ్చి కూర్చున్నారు, గంటసేపు తవ్వుకుంటూ కూర్చుంటే ఎట్ల?" అని రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జేసీబీ పిలిస్తే కిరాయి అవుతుంది. దిగబడిన గంటలకు డ్రైవరుకు కూలి రాదు, పైగా యజమాని చేత మాటలు. అందుకే అందరికీ తొందర. దానికి తోడు పౌరుషం. "నా బండి గుంజలేదంటే నామోషీ" అన్న మాట బురద కన్న లోతుకు దించుతుంది. కర్ణుని రథచక్రం కుంగినప్పుడు ఆయనంతటి వీరుడే కిందికి దిగి చేతులతో ఎత్తబోయాడు. మన వీరులు సీటు దిగరు.

గంట తవ్వితే పోయేది గంట. తవ్వకుండా లాగితే పోయేది ఏమిటో చెప్పలేము. క్లచ్చి ప్లేట్లు కాలడం, గేరుబాక్సు పగలడం తక్కువలో తక్కువ. మనిషికే ఏమైనా అయితే? 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా పట్టా ఉన్న రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. మంచి పథకం. కాని భూమి లేని డ్రైవరుకు అది లేదు. కాలు విరిగినవారికీ లేదు. సాయానికి వచ్చి గట్టు మీద నిలబడ్డ దోస్తుకు మోకు తగిలితే ఎవరు చూస్తారు? దావతు ఇచ్చిన చేయి ఆసుపత్రి బిల్లు దగ్గర కనిపించదు. ఇది ఎవరి తప్పనీ కాదు, ఎవరి దగ్గరా అంత డబ్బు ఉండదు.

చేయదగినవి

బండి దిగబడిందని తెలియగానే ఆక్సిలేటరు వదలండి. తిప్పిన కొద్దీ చక్రం తన గుంట తాను తవ్వుకుంటుంది. ఒక్క చక్రమే తిరుగుతుంటే, చక్రం ఆపి, డిఫరెన్షియల్ లాక్ వేసి, నెమ్మదిగా ఒక్కసారి ప్రయత్నించండి. వచ్చిన దారి గట్టిది కాబట్టి వెనక్కి రావడమే మేలు. రాకపోతే దిగి పార పట్టండి. చక్రాల ముందూ వెనకా బురద తీసి, వాలుగా దారి చేసి, కంప గాని, పలకలు గాని, గోనె సంచులలో మొరం గాని చక్రం కిందికి చేర్చండి. చక్రానికి మాత్రం ఏదీ కట్టకండి. వెనుక కల్టివేటరు, రోటవేటరు ఉంటే విప్పండి. ట్రాలీ ఉంటే ముందు ట్రాలీ విడదీసి ట్రాక్టరును తీయండి, ఆ తర్వాత గట్టి నేల మీద నుండి పొడుగు గొలుసుతో ట్రాలీని లాగండి. లోడు దించడం నామోషీ కాదు.

అప్పటికీ కాకపోతేనే గొలుసు. లాగే బండి గట్టి నేల మీద ఉండాలి. గొలుసు కట్టేది కింది హుక్కుకే. పిన్ను లేకపోతే పిన్ను వచ్చేదాకా లాగవద్దు. ఎంత అరిచినా వద్దు. తక్కువ గేరులో, గొలుసు బిగువు అయ్యేదాకా మెల్లగా పోయి, అప్పుడు లాగాలి. ఎగిరి లాగరాదు. గొలుసు మీద తడి గోనె సంచులు వేయాలి. గొలుసు పొడుగుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ ఉండరాదు. చెప్పేది ఒక్కరే ఉండాలి. ఇద్దరు "ఆపు, పో" అంటే డ్రైవరు ఎవరి మాట వింటాడు?

ఊరికి ఒక కిట్టు

ఇవన్నీ ఒక్కొక్క రైతు కొనలేడు. కాని ఊరికి ఒకటి కొనవచ్చు. గట్టి గొలుసు ఒకటి, తగిన పిన్నులు, లాడం ఆకారంలో ఉండే షాకిల్ కొక్కేలు రెండు, మందపాటి పలకలు నాలుగు, పారలు, గోనె సంచులు. గ్రామ పంచాయతీలో గాని, సహకార సంఘంలో గాని, యువజన సంఘం గదిలో గాని ఉంచి, తీసుకుపోయినవారి పేరు పుస్తకంలో రాయాలి. బోనాలకూ వినాయక చవితికీ చందాలు వేసే మన యువకులకు ఇది పెద్ద ఖర్చు కాదు. 2025 డిసెంబరులో ఎన్నికైన కొత్త సర్పంచులు తమ మొదటి పనులలో దీనిని ఒకటిగా చేర్చుకుంటే పేరు నిలుస్తుంది.

వ్యవసాయ శాఖవారికి ఒక విన్నపం. రైతు వేదికలలో విత్తనాల మీద, ఎరువుల మీద సమావేశాలు జరుగుతున్నవి. నాట్లకు ముందు ఒక పూట, కోతలకు ముందు ఒక పూట ట్రాక్టరు డ్రైవర్లను పిలిచి, అక్కడే ఒక ట్రాక్టరు నిలిపి, ఎక్కడ కట్టాలో ఎక్కడ కట్టరాదో చూపితే చాలు. ఉపన్యాసం అక్కర లేదు. పొలాలకు పోయే బాటల మీద మొరం పోయించడం కూడా ఆలోచించాలి. ట్రాక్టర్లు అమ్మే దుకాణదారులు తాళం చెవి ఇచ్చేనాడు కొబ్బరికాయతో పాటు ఒక పిన్నూ, ఈ నాలుగు మాటలూ ఇస్తే మరీ మంచిది.

దోస్తులకు చివరి మాట. ఫోను వస్తే పొండి. పోకుండా ఉండవద్దు. ఆ అలవాటు పోతే ఊరు ఊరు కాదు. కాని పోయేటప్పుడు గొలుసు కన్న ముందు పార పట్టుకొని పొండి.

మొన్న మా ఊరిలో మళ్ళీ ఒక బండి దిగబడింది. అందరితో పాటు మా తమ్ముడూ కుంటుకుంటూ వచ్చాడు. గట్టు మీద నిలబడి, గొలుసు పట్టుకున్న పిలగానితో ఒక్క మాటే అన్నాడు: "పిన్ను ఉన్నదా, బిడ్డా?" ఆ పిలగాడు లేదన్నాడు. "అయితే కూసో, వచ్చేదాక తవ్వుదాం" అని తానే పార అందుకున్నాడు. అరగంటకు పిన్ను వచ్చింది. గంటకు బండి వచ్చింది. ఆ సాయంత్రం దావతుకు అందరూ తమ కాళ్ళ మీద నడిచిపోయారు.